మాంగి ఫి రెక్

వొలొఫ్ భాషలో "ఎలా ఉన్నావు?" అని అడిగితే మామూలుగా వచ్చే జవాబు ఇది: "మాంగి ఫి రెక్." ఇక్కడున్నాను, అంతే అని. బాగున్నాననీ కాదు, బాలేననీ కాదు. మన ఊళ్లలో పెద్దవాళ్లు "ఏదో, ఉన్నాం" అంటారే, దానికి చాలా దగ్గర. పీస్ కోర్ వాలంటీరుగా సెనెగల్‌లో ఒక పల్లెకి వెళ్లడానికి సిద్ధమవుతూ నేను నేర్చుకున్న మొదటి వాక్యం ఇదే. పలకడం రెండు రోజుల్లో వచ్చేసింది. ఆ మాట అనే హక్కు నాకుందా అన్నది మాత్రం రెండు నెలలుగా తేలట్లేదు.

"అక్కడికెళ్లి ఏం చేస్తావ్?" అని ఆఫీసులో అడిగితే మొక్కలు, కూరగాయల మడులు, కంపోస్టు అని చెప్తాను. అమ్మ అడిగింది వేరు. "అంత దూరం ఎందుకే, మన ఖమ్మంలో లేరా కష్టాల్లో ఉన్నోళ్లు?" పీస్ కోర్ అమెరికా ప్రభుత్వానిది, అమెరికా పౌరుల్నే తీసుకుంటుంది, 1961 నుంచి 1976 దాకా ఇండియాలోనూ పనిచేసింది, ఇప్పుడు లేదు అని వివరించాను. ఆ తర్వాత అధ్యక్షుడైన జిమ్మీ కార్టర్ వాళ్లమ్మ లిలియన్ 68 ఏళ్ల వయసులో బొంబాయి పక్కన విక్రోలికి అలాగే వచ్చిందని కూడా చెప్పాను. అంతా విని, "అయితే ఖమ్మం రావడానికి నీకు సంస్థ కావాలా?" అంది. దీనికి నా దగ్గర జవాబు లేదు. ఉన్నట్టు నటించను కూడా.

ఇలాంటి ప్రయాణాల మీద పాత విమర్శ ఒకటుంది. 1968లో మెక్సికోలో, అమెరికా నుంచి సేవ చేద్దామని వచ్చిన విద్యార్థుల ముందు నిలబడి ఇవాన్ ఇల్లిచ్ ఇంచుమించు ఇలా చెప్పాడు: చూడ్డానికి రండి, చదువుకోడానికి రండి, సాయం చేయడానికి మాత్రం రావద్దు. నాకు చాలావరకు ఒప్పుకోవాలనే ఉంది. తరతరాలుగా జొన్న, వేరుశనగ పండిస్తున్నవాళ్లకి, బాల్కనీలో పుదీనా తప్ప ఏదీ పెంచని నేను సేద్యం గురించి చెప్పేదేముంటుంది? కానీ ఇల్లిచ్ ప్రశ్న మేలు జరుగుతుందా లేదా అన్నది. నన్ను తొలిచేది అంతకంటే చిన్న విషయం. నేను ఎప్పుడైనా వెళ్లిపోగలను.

2014లో ఎబోలా పాకినప్పుడు గినీ, లైబీరియా, సియెర్రా లియోన్‌ల నుంచి పీస్ కోర్ తన వాలంటీర్లందర్నీ, 340 మందిని, వెనక్కి పిలిపించింది. 2020 మార్చిలో కోవిడ్‌కి ప్రపంచమంతటా ఉన్న సుమారు 7,000 మందినీ కొద్దిరోజుల్లో ఇళ్లకి చేర్చింది. అది సరైన పనే, నేనైనా విమానం ఎక్కేదాన్నే. ఊరు మాత్రం అక్కడే ఉండిపోయింది. ఊరికి పెద్ద కష్టం వచ్చిన రోజే నేను ఉండను అని తెలిసి, "ఇక్కడున్నాను, అంతే" అనడం ఎలా? ఆ 'అంతే'లోనే ఉంది చిక్కంతా.

సర్దుకోవాల్సిన సామాన్ల జాబితాలో టార్చి, వాటర్ ఫిల్టరు, దోమతెర ఉన్నాయి. మలేరియా రాకుండా వేసుకునే మాత్రలు సంస్థే ఇస్తుంది. మానేస్తే ఇంటికి పంపేస్తారు. మలేరియాతో చనిపోయేవాళ్లలో ఎక్కువమంది ఆఫ్రికాలోని ఐదేళ్లలోపు పిల్లలు. సెనెగల్ పల్లె ఇళ్లలో అందరూ ఒకే పెద్ద పళ్లెం చుట్టూ కూర్చుని తింటారు. ఆ పళ్లెం దగ్గర, పిల్లల పక్కన కూర్చుని నేనొక్కదాన్నే మాత్ర మింగాలా, లేక గదిలోకెళ్లి చాటుగా మింగాలా? వాళ్లతో సమానం కావాలని మాత్ర మానేయడం ఉత్త నాటకం. నాకు జ్వరమొస్తే చాకిరీ చేయాల్సింది ఆ ఇంటి ఆడవాళ్లే. వేసుకుంటాను. చాటుగా మాత్రం కాదు. పిల్లలు ఏంటది అని అడుగుతారు, చెప్పాలి. ఆ జవాబుకి కావలసిన వొలొఫ్ నాకింకా రాదు.

నేనుండబోయే ఇంటివాళ్లు నాకో పేరు పెడతారట, వాళ్ల ఇంటిపేరుతో సహా. మన దగ్గర ఇంటిపేరు మారాలంటే పెళ్లన్నా కావాలి, దత్తతన్నా పోవాలి. అక్కడ గుమ్మంలో అడుగుపెడితే చాలు. నేను వాళ్లకి ఏమీ చేయకముందే వాళ్లు నాకు ఇచ్చేది అది. బదులుగా నా ఇంటిపేరు నేనివ్వలేను. అదే ఇంటిపేరున్న కుర్రాడెవరైనా నేనున్న దేశానికి రావాలంటే వీసా దొరకడం కష్టం. సెనెగల్ తీరం నుంచి చేపల పడవలెక్కి కానరీ దీవులకి బయల్దేరే కుర్రాళ్ల నోట ఒక మాట నానింది: "బార్సా వల్లా బర్సఖ్." బార్సిలోనా, లేకపోతే పరలోకం. అందుకే, ఆ ఊళ్లోవాళ్లకి వేరే లోకం తెలియదని, తృప్తిగా ఉన్నచోటే ఉంటారని ఎవరైనా మెచ్చుకోలుగా అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ కుర్రాళ్లు సముద్రంలో ప్రాణాలొడ్డి దాటే దూరాన్ని నేను రానూపోనూ టికెట్టుతో దాటుతున్నాను.

అయినా వెళ్తున్నాను. "మీలో ఒకదాన్ని" అని మాత్రం అనను. మన ఇళ్లలో చుట్టాన్ని "ఎప్పుడెళ్తారు?" అని అడగడం తప్పు కదా, అక్కడ కూడా అడగరనే అనుకుంటున్నాను. అందుకే నేనే ముందు చెప్పేయాలి: శిక్షణతో కలిపి 27 నెలలు. నోట్‌బుక్‌లో "మాంగి ఫి రెక్" కింద ఇంకో వాక్యం రాసుకున్నాను: "దినా దెమ్." వెళ్తాను అని. తెలుగులో నోరు తిరగదు ఆ మాటకి, "వెళ్లొస్తాను" అనే వస్తుంది. సెనెగల్‌లో దూరప్రయాణానికి వెళ్లేవాళ్లతో ఎడమచెయ్యి కలుపుతారు. ఎడమచెయ్యి ఇవ్వడం తప్పు కాబట్టి, ఆ తప్పు దిద్దుకోడానికైనా మనిషి తిరిగి రావాలని.

ఆ చెయ్యి అందుకున్న వాలంటీర్లలో ఎంతమంది మళ్లీ వెళ్లారో ఈ శనివారం కలవబోయే పాత వాలంటీర్లని అడగాలి.