హెచ్చరికయు అన్నమును

ఆపత్కాలమున పొరుగువానికి నిజము చెప్పుట చాలునా? వానిని ఆదుకొనుటయు మన విధియా?

2020 జనవరి 30న భారతదేశపు మొదటి కోవిడ్ రోగి కేరళలో గుర్తింపబడెను. మార్చి 24 రాత్రి దేశమంతటికి లాక్‌డౌన్ ప్రకటింపబడెను. ఇల్లు కదలవద్దను మాట, గింజలున్న ఇంటికి రక్షణ, దినకూలివానికి ఆకలి. ఈ భేదము నెరిగిన కేరళ స్థానిక సంస్థలు కుటుంబశ్రీ మహిళలతో కలిసి సామూహిక వంటశాలలు తెరచి, అన్నపు పొట్లములను ఇండ్లకు పంపెను. ఆశా కార్యకర్తలు గడపగడపకు పోయి జాగ్రత్తలు తెలిపిరి.

భయపడుదురని సత్యమును దాచుట దయ కాదు. దాచినచోట వదంతి పుట్టును. అన్నము లేని హెచ్చరికయు ఆజ్ఞ మాత్రమే. వినువాడు పాటింపగల స్థితి కల్పించినప్పుడే చెప్పినవాని బాధ్యత తీరును. కావున వార్త తీసికొనిపోవువాడు ఆ యింట పొయ్యి వెలిగినదో లేదో కూడ చూడవలెను.