జింక వేట: తుపాకి ఎంచుకునే ముందు

ఆర్మూర్ నుంచి అమెరికా వెళ్ళి ఉద్యోగం చేసుకుంటున్న ఒక యువకుడు ఇంటికి ఫోను చేసి ఓ సందేహం చెప్పాడు. అక్కడ ఏటా కొన్ని రోజులు జింకల వేటకు ప్రభుత్వమే అనుమతిస్తుంది. మందు, గుండు గొట్టం మూతిలోంచి కూరి పేల్చే పాత పద్ధతి తుపాకులకు అనేక రాష్ట్రాలు విడిగా రోజులు కేటాయిస్తాయి. తోటి ఉద్యోగులతో తానూ వెళ్ళాలనుకుంటున్నాడు. సి.వి.ఎ. కంపెనీది కొనాలా, ట్రెడిషన్స్ వారిదా, థాంప్సన్ సెంటర్ వారిదా? ఇదీ అతని సందేహం. పసుపు వ్యాపారం చేసే తండ్రికి ఆ పేర్లేమీ తెలియవు. "అది సరే బేటా, ఆ మాంసం మనకు హలాలేనా?" అని ఆయన తిరిగి అడిగారు.

తండ్రి అడిగినదే అసలు ప్రశ్న. అయితే కొడుకు ప్రశ్నను కూడా తీసిపారేయనవసరం లేదు. ఆయుధం ఎలాంటిదన్న దానిపైనే ఇక్కడ ధర్మాదేశం చాలావరకు ఆధారపడి ఉంది.

వేట స్వతహాగా ధర్మసమ్మతమే. మాయిదా సూరా నాలుగవ ఆయతు, శిక్షణ పొందిన వేట జంతువులు పట్టి తెచ్చిన దాన్ని అల్లాహ్ పేరు స్మరించి తినడానికి అనుమతినిచ్చింది. దానికి ముందున్న ఆయతు దెబ్బ తగిలి చచ్చిన జంతువును నిషేధించింది. ఈ రెంటి మధ్య హద్దు ఎక్కడ? ఈ సంగతి దైవప్రవక్త (సల్లం)ను అడిగి మనకు తెలియజేసినవారు హజ్రత్ అదీ బిన్ హాతిం (రజి). మన నానమ్మలు కథలుగా చెప్పే దాత హాతిం తాయి కుమారుడే ఈయన. విసిరే వేట కర్ర గురించి ఆయన అడిగారు. దాని మొన గుచ్చుకుని జంతువు చస్తే తినవచ్చునని, అడ్డంగా తగిలిన దెబ్బకు చస్తే తినరాదని ప్రవక్త (సల్లం) సమాధానమిచ్చారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెంటిలోనూ ఉంది.

తుపాకులు వచ్చాక పండితులకు చిక్కు వచ్చిపడింది. సీసపు గుండుకు మొన లేదు. మరి అది బాణం లాంటిదా, రాయి లాంటిదా? సుమారు రెండు వందల ఏళ్ళ క్రితం డమాస్కస్‌లో ఉన్న హనఫీ ధర్మవేత్త ఇబ్నె ఆబిదీన్, గుండు తన వేగంతో, వేడితో చంపుతుందే గాని పదునుతో కోయదు కాబట్టి, జంతువు ప్రాణంతో దొరికితే జిబహ్ చేసి తినాలని, లేకపోతే అది ధర్మసమ్మతం కాదని అభిప్రాయపడ్డారు. అదే కాలంలో యెమెన్‌లో ఉన్న ఇమామ్ షౌకానీ మాత్రం, గుండు శరీరాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది గనుక ధర్మసమ్మతమేనన్నారు. ఒక విషయం గమనించండి. వారి కాలంలో తుపాకులన్నీ దాదాపు మూతిలోంచి కూరేవే. కనుక మన యువకుడు కొనబోయే తుపాకి గురించే ఆ ఇద్దరూ మాట్లాడారనుకోవచ్చు.

కాని ఈనాటి తుపాకి అన్నివిధాలా ఆనాటిది కాదు. చెకుముకి రాయి నిప్పురవ్వతో పేలి, గుడ్డముక్కలో చుట్టిన గుండ్రటి సీసపు గుండును విసిరే రకం ఇప్పటికీ దొరుకుతుంది. పెన్సిల్వేనియా రాష్ట్రంలో చలికాలపు ప్రత్యేక వేటకు అదే వాడాలి. మరో రకం 1985 నుంచి వ్యాప్తిలోకి వచ్చింది. మిస్సోరీ రాష్ట్రానికి చెందిన టోనీ నైట్ తయారుచేసిన నమూనాతో దానికి పేరొచ్చింది. అందులో నిప్పు నేరుగా మందు వెనకే పుడుతుంది, మొన ఉన్న పొడవాటి బుల్లెట్లు వాడవచ్చు. మొన ఉన్న బుల్లెట్‌ను బాణంతో సమానంగా లెక్కించవచ్చునని ఈ కాలపు హనఫీ పండితుల్లో కూడా కొందరన్నారు. ట్రెడిషన్స్ కంపెనీ ఈ రెండు రకాలూ అమ్ముతుంది. సి.వి.ఎ., ట్రెడిషన్స్ తుపాకులు చాలావరకు స్పెయిన్‌లో తయారై వచ్చినవే! బేరగాడు సంచి మీది ముద్ర చూసి ఊరుకోడు, పసుపు కొమ్మును విరిచి చూస్తాడు. ఇక్కడా అంతే. ఏ రకం తుపాకి, దానిలో ఏ రకం గుండు అన్నది తేలితే కంపెనీ పేరు చివరి మాట అవుతుంది.

ఇప్పుడొక క్లిష్టమైన ప్రశ్న ఎదురవుతుంది. హనఫీ యువకుడు ఒకరు ఇబ్నె ఆబిదీన్ అభిప్రాయాన్నే పాటిస్తున్నారనుకుందాం. గురి చక్కగా కుదిరి జింక అక్కడికక్కడే పడిపోతే మాంసం ఆయనకు పనికిరాదు. గురి తప్పి కాలికో, పొట్టకో తగిలితే జింక గిలగిల కొట్టుకుంటూ ఉంటుంది. ఆయన పరుగెత్తి జిబహ్ చేస్తే మాంసం హలాల్ అవుతుంది. అంటే గురి బాగుంటే నష్టం, చెడితే లాభం! అలాంటప్పుడు కావాలనే గాయపరిచేలా కాల్చవచ్చునా?

కాల్చరాదనే నేనంటాను. అల్లాహ్ ప్రతి పనిలోనూ ఉత్తమ రీతిని విధించాడని, జంతువును జిబహ్ చేసేటప్పుడు కత్తి పదును పెట్టుకుని దానికి బాధ తగ్గించాలని దైవప్రవక్త (సల్లం) ఉపదేశించారు. హజ్రత్ షద్దాద్ బిన్ ఔస్ (రజి) ద్వారా అందిన ఈ హదీసు ముస్లిం గ్రంథంలో ఉంది. హలాల్ షరతు జంతువుపై కరుణ చూపించడానికి కూడా వచ్చింది. ఆ షరతునే సాకుగా చేసుకుని దాన్ని చిత్రవధ చేయడం ఏం న్యాయం? వేరే అభిప్రాయం మనసుకు ఎక్కకపోతే కాల్చకుండా తిరిగి రావడమే మేలు. జింక మాంసం తినకపోతే ఎవరి ఫర్జూ పోదు. పస్తులున్నవాడి సంగతి వేరు, నెల జీతం తీసుకునే ఇంజనీరు సంగతి వేరు.

గురి విషయంలో ఈ తుపాకికి ఇంకో లోపముంది. ఒక్కసారే పేలుతుంది. మళ్ళీ మందు పోసి, గుండు దించి, కడ్డీతో కూరేసరికి గాయపడిన జింక పొదల్లో ఎక్కడికో పోతుంది. కాబట్టి కాగితపు గురి మీద నెలల తరబడి సాధన చేసి, ఎంత దూరంలో తన గుండు అరచేయంత చోట పడుతుందో తెలుసుకున్నవారే వేటకు వెళ్ళాలి, ఆ దూరం దాటి కాల్చకూడదు. బ్రతికి ఉన్న ప్రాణిని గురిగా పెట్టుకుని సాధన చేయడాన్ని ప్రవక్త (సల్లం) నిషేధించారు. బిస్మిల్లాహ్ అనవలసింది మందు కూరేటప్పుడు కాదు, పేల్చే క్షణంలో. నడుముకు పదునైన కత్తి ఉండాలి. ప్రాణంతో దొరికిన జంతువును జిబహ్ చేయకుండా చూస్తూ ఊరుకుంటే ఏ పండితుడి అభిప్రాయమూ ఆదుకోదు.

అమెరికా చట్టం ప్రకారం ఉద్యోగ వీసా మీద ఉన్నవారు సాధారణంగా తుపాకి కలిగి ఉండరాదు. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు గలవారికి మినహాయింపు ఉంది. మూతిలోంచి మందు కూరే తుపాకుల్లో చాలావాటిని ఆ ఫెడరల్ చట్టం పురాతన ఆయుధాలుగా లెక్కించి వదిలిపెట్టింది గాని, రాష్ట్రాల చట్టాలు ఒక్కోచోట ఒక్కోలా ఉన్నాయి. ఇది చిన్న విషయం కాదు. మాయిదా సూరా మొదటి ఆయతు ఒప్పందాలను నెరవేర్చండన్న ఆదేశంతోనే మొదలవుతుంది. అదే ఆయతులో ఇహ్రాం స్థితిలో వేట నిషేధం కూడా ఉంది. వీసా తీసుకోవడమంటే ఒప్పందం చేసుకోవడమే కదా!

ఇక మన ఊళ్ళ సంగతి. ఇక్కడ జింకను వేటాడటానికి ఏ కాలంలోనూ అనుమతి లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని నేరంగా ప్రకటించింది. కృష్ణజింకను చంపినవారికి మూడేళ్ళకు తగ్గకుండా, ఏడేళ్ళ వరకు జైలు పడవచ్చు. లైసెన్సు లేని నాటు తుపాకి ఉంటే అది మరో నేరం. నిజాం కాలంలో వేట స్థలంగా ఉన్న పోచారం అడవి 1952లో అభయారణ్యమయింది. జింకను తెలంగాణ 2014లో రాష్ట్ర జంతువుగా ఎంచుకుంది. అక్కడ జింకలు పెరిగిపోయి వాటి సంఖ్య తగ్గించాలని ప్రభుత్వం లెక్కకట్టి అనుమతిస్తుంది, ఇక్కడ ఉన్నవాటిని కాపాడుకోవాలని నిషేధించింది. పని ఒకటే అయినా తీర్పు వేరవుతుంది.

"జింక హలాల్ జంతువే కదా, బిస్మిల్లాహ్ అని కాల్చి జిబహ్ చేస్తే మాంసం ఎలా హరామ్ అవుతుంది?" అని కొందరు వాదిస్తారు. జిబహ్ సరిగా జరిగితే ఆ మాంసాన్ని పందిమాంసం లాంటిదని అనలేం. అయితే మాంసం సంగతి వేరు, దాన్ని సంపాదించిన పని వేరు. అందరి మేలు కోసం చేసిన చట్టాన్ని దొంగచాటుగా మీరి, పట్టుబడితే కుటుంబాన్నీ జమాఅత్‌నూ తలవంచుకునేలా చేసే పని గునాహ్ కాకుండా ఎలా పోతుంది? అదే సూరాలో మరోచోట, మీ చేతులకూ మీ బల్లేలకూ అందేటంత దగ్గరకు వేట జంతువులు వచ్చినా నిగ్రహించుకుంటారో లేదో అల్లాహ్ పరీక్షిస్తాడన్న భావం ఉంది. అది ఇహ్రాంలో ఉన్నవారి గురించి అవతరించినదే గాని, నిషేధం ఉన్నచోట అందుబాటులోకి వచ్చిన జింకను చూసినప్పుడు నాకు ఆ ఆయతే గుర్తొస్తుంది.

పెళ్ళిళ్ళ రోజుల్లో ఎవరైనా బంధువు గుట్టుగా ఓ డబ్బా పంపి, "అడవి మాంసం, ఎవరికీ చెప్పకండి" అంటే ఏం చేయాలి? అమ్మీజాన్‌లు, ఆపాలు ఆ డబ్బా మూత తీయకుండానే తిప్పి పంపవచ్చు. ఎందుకు పంపుతున్నారో కూడా, నలుగురిలో కాకుండా, ఆ బంధువుకు ఒక్కడికే చెప్పండి.