ఎగువకు తీసుకువెళ్లు

చిరంజీవి అమ్మాయికి,

నీ ఉత్తరం నిన్న అందింది.

తొమ్మిదో తరగతి పిల్లల్ని రెండు రోజుల యాత్రకు తీసుకెళ్లే బాధ్యత హెడ్‌మాస్టరుగారు నీకు అప్పగించారని రాశావు. కొందరు తల్లిదండ్రులు నీళ్ల పార్కుకు తీసుకెళ్లమంటున్నారు, కొందరు గుళ్లు చూపించమంటున్నారు, పిల్లలేమో ఎక్కడికైనా సరే బస్సులో పాటలు పెడితే చాలంటున్నారు. చదువుకు పనికొచ్చే చోట్లు ఒక పది రాసి పంపమని నన్ను అడిగావు. పది చోట్లు నేను రాయను తల్లీ. రెండు రోజుల్లో పది చూసిన పిల్లవాడికి పదకొండో రోజుకు ఒక్కటీ గుర్తుండదు. ఒక దారి చెబుతాను. ఆ దారి పొడవునా పిల్లలు తమను తాము అడుక్కోవలసిన ప్రశ్న ఒకటి చెబుతాను.

మీ బడి గోడ పక్కనుంచే డెల్టా కాలువ పోతోంది కదా. ఆ పిల్లలు దానిలో ఈత కొట్టారు, ఆ నీళ్లతో పండిన బియ్యం తిన్నారు. లష్కరు ఎప్పుడు నీళ్లు వదులుతాడా అని గట్టు మీద కూర్చున్న తండ్రుల్ని చూశారు. ఆ నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో చూడటానికి మాత్రం వాళ్లలో ఎవరూ వెళ్లి ఉండరు. కాబట్టి ఎగువకు తీసుకువెళ్లు. బ్యారేజీ, ఉండవల్లి, అమరావతి, నాగార్జునసాగర్. అంతే. దారిలో ప్రతి చోటా వాళ్ల చేత ఒకటే అడిగించు: ఇది నా దాకా రావడానికి ఎవరు ఏం వదులుకున్నారు?

మొదట ప్రకాశం బ్యారేజీ. బస్సులో దాటిపోవద్దు, దిగి నడిపించు. 1832, 33 సంవత్సరాల్లో గుంటూరు సీమను నందన కరువు పట్టుకుంది. కృష్ణ పక్కనే పారుతోంది, జనం మాత్రం తిండిలేక వేలకువేలుగా చనిపోయారు, ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. నది ఉన్నంత మాత్రాన పొలానికి నీళ్లు రావని ఆ కరువు చెప్పింది. సర్ ఆర్థర్ కాటన్ ఆలోచన మీద, కెప్టెన్ ఓర్ పర్యవేక్షణలో బెజవాడ దగ్గర ఆనకట్ట పని 1852లో మొదలై 1855లో పూర్తయింది. దాదాపు నూరేళ్లు నిలిచిన ఆ ఆనకట్టకు 1952లో గండి పడింది. దాని స్థానంలో 1957కల్లా ఇప్పటి బ్యారేజీ లేచి, ఆంధ్ర రాష్ట్రపు తొలి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టుకుంది. 70 గేట్లు. తూర్పు, పడమర కాలువలు కలిపి పదమూడు లక్షల ఎకరాల డెల్టాకు నీళ్లిస్తాయి. పిల్లల చేత గేట్లు లెక్కపెట్టించు. పడమటి కాలువ బయలుదేరే చోట నిలబెట్టి, మన ఊరి కాలువ ఇక్కడే పుట్టిందని చెప్పు. ఇప్పుడు పట్టిసీమ దగ్గర ఎత్తిపోసిన గోదావరి నీళ్లు కూడా ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలిసి ఇటు వస్తున్నాయని చెప్పు. తమ పొలానికి రెండు నదుల అప్పు ఉందని పిల్లలకు తెలియాలి.

అక్కడినుంచి ఉండవల్లి ఎంతో దూరం లేదు. కొండను తొలిచి నాలుగు అంతస్తులుగా మలిచిన గుహలు అవి. లోపల శేషశయ్య మీద పడుకున్న విష్ణుమూర్తిని ఆ కొండరాతిలోనే చెక్కారు. అన్నింటికంటే పై అంతస్తు పని పూర్తి కాకుండా ఆగిపోయింది. పిల్లల్ని అక్కడ కాసేపు ఆపు. పూర్తయిన శిల్పం శిల్పి పనితనాన్ని చూపిస్తుంది. సగంలో ఆగినది అతను పని చేసిన తీరు చూపిస్తుంది. ఉలి ఏ వైపునుంచి తగిలింది, ముందు ఏం తీశారు, ఏం మిగిల్చారు అన్నది పిల్లల కళ్లతోనే వెతికించు. నువ్వు చెప్పకు. ఈ గుహలు చెక్కినవాళ్ల పేర్లు మనకు తెలియవు. అది కూడా పిల్లలకు చెప్పవలసిన విషయమే. లోకంలో జరిగిన మంచి పనిలో ఎక్కువ భాగం పేరు మిగలని వాళ్లే చేశారు.

తరవాత అమరావతి. అక్కడ పిల్లలు మొదట నిరాశపడతారు, పడనీ. పాఠంలో గొప్ప స్తూపం గురించి చదివి వెళ్తారు, కనపడేది గుండ్రటి ఇటుక పునాది, చుట్టూ కొన్ని రాళ్లు. మిగతాది ఏమైందని అడుగుతారు. అసలు పాఠం అక్కడే మొదలవుతుంది.

ఆ దిబ్బను ఊళ్లోవాళ్లు దీపాలదిన్నె అనేవాళ్లు. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో జమీందారు రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు అమరావతిలో కొత్త పట్టణం కట్టుకుంటున్నప్పుడు, ఇటుకల కోసం, రాళ్ల కోసం ఆ దిబ్బను తవ్వారు. పల్నాటి సున్నపురాయి మీద బుద్ధుడి కథలు చెక్కిన పలకలు కొన్ని మెట్లకూ గోడలకూ పోయాయి, కొన్ని సున్నంగా కాలిపోయాయి. సంగతి విని కంపెనీ అధికారి కోలిన్ మెకంజీ 1797లో వచ్చి చూశాడు. మళ్లీ 1816లో వచ్చేసరికి చాలా భాగం పోయింది. మిగిలిన పలకలకు తన మనుషుల చేత బొమ్మలు గీయించాడు. ఇవాళ కొన్ని పలకలు ఎలా ఉండేవో ఆ బొమ్మల వల్లే తెలుస్తోంది. తరవాత 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించాడు. ఆయన తరవాతా తవ్వకాలు సాగాయి. ఒక్కొక్క అధికారి వచ్చినప్పుడల్లా పలకలు బండ్లెక్కాయి. ఇవాళ వాటిలో పెద్ద వాటాలు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మన శిల్పాన్ని పూర్తిగా చూడాలంటే మనం సముద్రాలు దాటాలి.

ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడు అమ్మా. పిల్లలకు ఎవరినో ఒకరిని తిట్టిపోసే అవకాశం ఇవ్వకు. ఆ జమీందారుగారు గుళ్లకు, గోపురాలకు లక్షలు ఇచ్చిన దాత. ఆయనకు ఆ రాళ్ల మీద పగలేదు, వాటి విలువ చెప్పేవాళ్లు పక్కన లేరు. లండన్‌కు తీసుకెళ్లినవాళ్లు మనల్ని అడగలేదు, అది అన్యాయమే. తీసుకెళ్లిన పలకలు సున్నం కాకుండా ఇవాళ్టికీ మిగిలాయి, అది నిజమే. రెండూ చెప్పు. ఒకదాన్ని చెప్పి రెండోదాన్ని దాచిన ఉపాధ్యాయుడు పిల్లలకు చరిత్ర నేర్పినట్టు కాదు. ఊళ్లో ఉన్న మ్యూజియం మాత్రం తప్పక చూపించు. శుక్రవారం పురావస్తు శాఖ మ్యూజియాలకు సెలవు, ఆ రోజు తగలకుండా ప్రయాణం పెట్టుకో.

ఇక బ్యారేజీకి ఎగువన కృష్ణ నీళ్లను ఆపి ఉంచే నాగార్జునసాగర్. నీ యాత్రలో సగం సమయం దీనికే ఉంచు. రాత్రికి అక్కడికి చేరి, పొద్దున్నే డ్యామ్ చూడండి. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేశారు, 1967లో ఇందిరాగాంధీగారు కాలువలకు నీళ్లు వదిలారు. 124 మీటర్ల ఎత్తు, 26 గేట్లు. రాతి కట్టుబడి డ్యాముల్లో ప్రపంచంలోనే పెద్దవాటిలో ఇదొకటి. యంత్రాలు తక్కువగా, మనుషులు ఎక్కువగా పనిచేసి కట్టిన డ్యామ్ ఇది. ఆడవాళ్లూ మగవాళ్లూ తలల మీద రాళ్లు మోసి అంత ఎత్తుకు చేర్చారు. ఎడమ కాలువ నల్గొండ, ఖమ్మం వైపు పోతుంది, కుడి కాలువ పల్నాడు, గుంటూరు, ప్రకాశం వైపు వస్తుంది. ఇవాళ ఆ కాలువలు రెండు రాష్ట్రాలవి. అటువైపు రైతు కూడా మన రైతులాగే ఆకాశం వైపు చూసేవాడేనని పిల్లలకు చెప్పు. నీళ్ల తగువు పెద్దవాళ్లది, పిల్లల మనసుల్లోకి దాన్ని ఎక్కించకు.

డ్యామ్ చూశాక విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కి నాగార్జునకొండకు వెళ్లండి. పిల్లలు నీళ్ల మీద ఉన్నప్పుడు వాళ్లకు ఇది చెప్పు: మన కింద ఒక నగరం ఉంది. మూడు, నాలుగు శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఆ లోయలోనే ఉండేది. స్తూపాలు, విహారాలు, రాతిమెట్ల స్నానఘట్టం, ఆటపాటలకు రంగస్థలం అన్నీ ఉండేవి. అక్కడి పెద్ద స్తూపం మహాచైత్యం కట్టడంలో ముందు నిలిచినది చాంతిసిరి, ఇక్ష్వాకు రాజవంశపు ఆడపడుచు. బోధిసిరి అనే ఉపాసిక సింహళం నుంచి వచ్చిన భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించి, తన దానాలన్నిటినీ శాసనంలో రాయించింది. ఆడపిల్లలు ఈ పేర్లు నోటికి నేర్చుకోవాలి. పదిహేడు వందల ఏళ్ల కిందట ఈ లోయలో ఆడవాళ్లు తమ పేరుతో దానం చేసి, తమ పేరు రాతి మీద చెక్కించుకున్నారు.

డ్యామ్ కడితే ఆ లోయ మునుగుతుందని తెలిశాక, 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యంగారి ఆధ్వర్యంలో పురావస్తు శాఖ లోయంతా తవ్వింది. నీళ్లు రాకముందే పని ముగించాలి. రాతియుగం పనిముట్ల నుంచి మధ్యయుగాల గుడుల దాకా బయటపడ్డాయి. ముఖ్యమైన కట్టడాలు కొన్నిటిని విప్పి, కొండ మీదా, ఒడ్డునున్న అనుపులోనూ మళ్లీ నిలబెట్టారు. మహాచైత్యం పునాది దగ్గర పిల్లల్ని ఆపి, బండి చక్రంలో ఆకుల్లాగా మధ్యనుంచి అంచుకు పోయిన ఇటుక గోడలను చూపించు. తరవాత అనుపులో రంగస్థలం మెట్ల మీద కూర్చోబెట్టి ఎవరినైనా ఒక పద్యం పాడమను. గొంతు పై మెట్టు దాకా ఎలా వినిపిస్తుందో వాళ్లే కనుక్కుంటారు.

కానీ లోయలో మునిగినవి పాత రాళ్లు మాత్రమే కావు. పుల్లారెడ్డిగూడెం లాంటి పల్లెలు ఉన్నాయి. అక్కడ పుట్టి, అక్కడే పొలం దున్ని, అక్కడే పెద్దల్ని పూడ్చుకున్న మనుషులు ఇళ్లు వదిలి వెళ్లారు. రాళ్లకు మ్యూజియం కట్టారు, ఆ పల్లెలకు అక్కడ గుర్తు లేదు. లక్షల ఎకరాలు పచ్చబడాలంటే లోయ మునగక తప్పదని ఆనాటి పెద్దలు నిర్ణయించారు. ఆ నిర్ణయం వల్ల కోట్లమంది అన్నం తిన్నారు, దాన్ని తప్పని నేను అనను. నా మాట ఒక్కటే. లాభపడ్డవాడు నష్టపోయినవాణ్ణి మరిచిపోకూడదు. మీ పిల్లలు లాభపడ్డవాళ్ల బిడ్డలు. పళ్లెంలో అన్నం పారేసే ముందు, కాలువలో చెత్త వేసే ముందు, వంతు తప్పి నీళ్లు మళ్లించే ముందు ఆ లోయ వాళ్లకు గుర్తుకు రావాలి. ఈ ఒక్కటి నేర్చుకుని ఇంటికొస్తే యాత్ర ఖర్చంతా వసూలైనట్టే.

నీకు మరొక సంగతి చెప్పాలి. ఆ లోయలో శిథిలాలున్నాయని ప్రభుత్వానికి తెలిసింది 1926లో. తెలియజేసినది ఏ పెద్ద అధికారీ కాదు. ఆ ప్రాంతపు బడిపంతులు సూరపరాజు వెంకటరామయ్యగారు ఒక పాత స్తంభం చూసి, దాని విలువ ఊహించి, పైవాళ్లకు తెలియజేశారు. మద్రాసు శాసన విభాగం నుంచి రంగస్వామి సరస్వతిగారు వచ్చి చూశారు. ఆ తరవాతే తవ్వకాలు. అమరావతిలో రాయి చూసినవాళ్లకు విలువ తెలియక అది సున్నమైంది. నాగార్జునకొండలో రాయి చూసినవాడు చదువు చెప్పేవాడు కాబట్టి అది దక్కింది. నీ ఉద్యోగం విలువ ఎంతో ఎవరైనా అడిగితే ఈ రెండు ఊళ్ల కథ చెప్పు.

ఇక చేయవలసిన పనులు. ముందు నువ్వొక్కదానివే, లేదా తోటి టీచరుతో, ఒకసారి వెళ్లి అన్నీ చూసి రా. నువ్వు చూడని చోటు పిల్లలకు చూపించలేవు. కార్తీకం దాటాక పెట్టుకో, ఎండలు ముదిరాక వద్దు. గాలివాటం, నీటిమట్టం బట్టి లాంచీ నడపడం ఆపేస్తారు, ముందురోజు ఫోన్ చేసి కనుక్కో. లాంచీలో ఒక్కొక్కరికీ లైఫ్ జాకెట్ ఉందో లేదో నువ్వే లెక్కపెట్టు. లేకపోతే ఎక్కించవద్దు, ఎంత ఆశపడి వచ్చినా సరే. రేవుల్లో స్నానాలకు దింపకు. కృష్ణ పిల్లల్ని మింగిన వార్తలు మనం చాలా విన్నాం. ఆడపిల్లలకు బాత్రూములు ఎక్కడున్నాయో చూసుకుని దాన్నిబట్టి ఆగే చోట్లు నిర్ణయించు. గోడల మీద, రాళ్ల మీద పేరు చెక్కిన పిల్లవాణ్ణి కొట్టవద్దు. అమరావతి కథ ఇంకోసారి వాడి చేతే తరగతికి చెప్పించు.

తిరిగొచ్చాక వ్యాసం రాయమనకు, గైడు పుస్తకం చూసి ఎక్కిస్తారు. ఇంటికెళ్లి తాతనో అమ్మమ్మనో ఒక ప్రశ్న అడిగి రమ్మను: సాగర్ కట్టకముందు మనం ఏం పండించేవాళ్లం, ఏం తినేవాళ్లం? ఆ జవాబులు తరగతిలో చదివించు. అంతకంటే మంచి పాఠం నీకు ఏ పుస్తకంలోనూ దొరకదు.

చివరిగా ఒక మాట, ఇది ఆజ్ఞ అనుకో. డబ్బు కట్టలేక ఇంటి దగ్గర ఆగిపోయే పిల్లలు నీ తరగతిలో ఉంటారు. వాళ్లు నీ దగ్గరికొచ్చి అడగరు, కడుపునొప్పి అని చెప్పి తప్పుకుంటారు. ఇతరులు వదులుకున్నదాని గురించి చెప్పే యాత్రకు పేదపిల్లను వదిలేసి వెళితే ఆ పాఠం అబద్ధమవుతుంది. చందాలు అడుగుతావో, బస్సు చిన్నది మాట్లాడతావో, ఒక పూట భోజనం ఊరివాళ్ల చేత పెట్టిస్తావో నీ ఇష్టం. ఇంకా తక్కువైతే నాకు రాయి, సర్దుతాను. అందరినీ తీసుకువెళ్లు. లేదా ఎవరినీ తీసుకువెళ్లకు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న