వైఖరి వెనుక వాక్కు

వాక్కు ఆలోచనకు పైపొర మాత్రమేనా, లేక ఆలోచన రూపు కట్టేదే వాక్కులోనా అన్న ప్రశ్న భారతీయ తత్త్వచింతనలో ఎంతో ప్రాచీనమైనది. పల్లెటూరి పాఠశాలలో తెలుగు మాధ్యమంలో చదివి, ప్రవేశ పరీక్షలో ర్యాంకు సాధించి ఇంజినీరింగ్‌లో చేరిన విద్యార్థి, వైవాలో ఎక్స్‌టర్నల్ ఎదుట నిలబడి తనకు తెలిసిన సమాధానాన్నే ఇంగ్లీషులో చెప్పలేక మౌనం వహించినప్పుడు, అతనికి ఆ విషయం తెలిసినట్టా తెలియనట్టా అన్న రూపంలో అదే ప్రశ్న నేటికీ ఎదురవుతూనే ఉంది. అతను కమ్యూనికేషన్ స్కిల్స్ కోసం పడే శ్రమను క్యాంపస్ ప్లేస్‌మెంట్‌కు మెట్టుగా మాత్రమే చూడడం లోకానికి అలవాటైంది. వాక్కుకు అర్థంతోనూ సత్యంతోనూ ఉన్న సంబంధాన్ని తాకే సాధనగా దానిని చూడవలసి ఉంది.

వ్యాకరణాన్ని దర్శన స్థాయికి తీసుకువెళ్లిన భర్తృహరి తన వాక్యపదీయంలో, శబ్దం వెన్నంటి రాని జ్ఞానమేదీ లోకంలో లేదని ప్రతిపాదించాడు. పైపైన చూస్తే ఈ మాట ఆ విద్యార్థికి ప్రతికూలంగా కనిపిస్తుంది, ఎందుకంటే జ్ఞానం శబ్దంతో పెనవేసుకొని ఉండేదే అయితే శబ్దం లేనిచోట జ్ఞానమూ లేదనవలసి వస్తుంది. అయితే భర్తృహరి దృష్టిలో శబ్దమంటే చెవికి వినిపించే ధ్వని మాత్రమే కాదు. వాక్కుకు ఆయన మూడు దశలు చెప్పాడు: అర్థమంతా క్రమభేదం లేకుండా ఒక్కటిగా భాసించే దశ పశ్యంతి, అది మనసులో మాటల వరుసగా ఏర్పడే దశ మధ్యమ, నాలుక, పెదవులు మొదలైన స్థానాలను తాకి బయటికి వినిపించే దశ వైఖరి. వైవాలో తడబడిన విద్యార్థికి లోపించింది ఇంగ్లీషు వైఖరి. అతని మధ్యమ తెలుగులో నిండుగానే ఉంది. ఆ లోపాన్ని బుద్ధిలోపంగా లెక్కకట్టడం తార్కికంగా తప్పు, నైతికంగా అన్యాయం.

వాక్కును మూడు దశలుగా చూపే ఈ విభజన ఓదార్పుతో ఆగక ఒక ఉపాయాన్ని కూడా సూచిస్తుంది. తెలుగు వాక్యంలో క్రియ సాధారణంగా చివర వస్తుంది, ఇంగ్లీషులో కర్త వెంటనే క్రియ రావాలి. అందువల్ల తెలుగులో సిద్ధమైన వాక్యాన్ని మాట వెంట మాటగా ఇంగ్లీషులోకి మార్చబోయే విద్యార్థి, ఆఖరున చెప్పదలచిన దానిని రెండో మాటగానే చెప్పవలసి వచ్చి, అక్కడే ఆగిపోతాడు. భర్తృహరి పరిభాషలో చెప్పాలంటే, ఒక భాష మధ్యమ నుంచి మరో భాష వైఖరికి అడ్డదారిన దాటే ప్రయత్నమది. చెప్పదలచిన అర్థాన్ని, అంటే సర్క్యూట్‌లో ఏం జరుగుతున్నదో, బీమ్ మీద భారం ఎలా పంపిణీ అవుతున్నదో, దానిని ముందుగా సమగ్రంగా మనసు ముందు నిలుపుకొని, అక్కడి నుంచి కొత్త భాషలోకి నేరుగా దిగడమే సరైన మార్గమనిపిస్తుంది. విషయం మీద పట్టు లేని వాడికి ఈ మార్గం మూసుకొనే ఉంటుంది కనుక, భాషాభ్యాసాన్ని విషయాభ్యాసం నుంచి విడదీయడానికి వీలుండదు.

భాష ఎలా అబ్బుతుందన్న విషయంలో, వేదవాక్యాల అర్థాన్ని విచారించిన మీమాంసకుల చర్చ మరింత ఉపకరిస్తుంది. పెద్దవాడు గోవును తెమ్మంటాడు, మరొకడు తెస్తాడు; గోవును కట్టమంటాడు, కడతాడు; గుర్రాన్ని తెమ్మంటాడు, తెస్తాడు. ఈ పనులనూ మాటలనూ కలిపి గమనించే పిల్లవాడు, ఒక మాట మారినప్పుడు పనిలో ఏది మారుతున్నదో చూసి, ఏ మాటకు ఏ అర్థమో విడదీసుకుంటాడు. దీనికి వృద్ధవ్యవహారమని పేరు. పదాలు విడివిడిగా తమ అర్థాలను చెప్పిన తరువాత ఆ అర్థాలు అన్వయిస్తాయన్నది కుమారిల భట్టు అనుయాయుల మతం, అన్వయంతో కూడిన అర్థాన్నే పదాలు చెబుతాయన్నది ప్రాభాకరుల మతం. వీటిని వరుసగా అభిహితాన్వయవాదం, అన్వితాభిధానవాదం అంటారు. విభేదం అంతటిదైనా, పెద్దల వ్యవహారాన్ని గమనించడం ద్వారానే భాష పట్టుబడుతుందన్న మాట ఇద్దరూ అంగీకరించినదే. పదాల జాబితాలను బట్టీ పట్టే విద్యార్థి ఆ వ్యవహారాన్నే వదిలేస్తున్నాడు. జేఎన్‌టీయూ పరిధిలోని కళాశాలల్లో మొదటి సంవత్సరంలోనే ఇంగ్లీషు కమ్యూనికేషన్ స్కిల్స్ ల్యాబ్ ఉండడం మేలే. అయితే వోల్టేజిని పెంచమని, తీగను విడదీయమని, రీడింగ్ మళ్లీ తీయమని సహాధ్యాయికి ఇంగ్లీషులో చెప్పి, అతను చేసే పనిని కళ్లారా చూసే ఎలక్ట్రికల్ ల్యాబ్‌లో కూడా అదే చదువు సాగితే మాటకూ పనికీ ముడి పడుతుంది.

ఉచ్చారణ విషయంలో ప్రాచీనుల శ్రద్ధ నేటివారికి ఆశ్చర్యం కలిగించేంత సూక్ష్మమైనది. వర్ణం, స్వరం, మాత్ర, బలం, సామం, సంతానం అనే ఆరు అంశాలను తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లి ఆరంభంలోనే పేర్కొంటుంది. ధ్వని, దాని ఎత్తుపల్లాలు, నిడివి, ఒత్తు, సమత, కలయిక అని వీటిని స్థూలంగా గ్రహించవచ్చు. పాణినీయ శిక్ష అనే ఉచ్చారణ శాస్త్ర గ్రంథం మరో అడుగు వేసి, అధమ పాఠకులు ఆరుగురని చెబుతుంది: రాగం తీసేవాడు, తొందరపడేవాడు, తల ఊపేవాడు, రాసుకున్నది చూసి చదివేవాడు, అర్థం తెలియనివాడు, గొంతు పెగలనివాడు. సెమినార్‌లో స్లయిడు మీది వాక్యాలను గబగబా చదివి కూర్చునే విద్యార్థిలో వీటిలో కనీసం మూడు దోషాలు కలిసి కనిపిస్తాయి. అదే గ్రంథం చెప్పిన ఆరు గుణాల్లో మాధుర్యం, అక్షరాల స్పష్టత, పదాల విడుపు, మంచి స్వరం, లయతో పాటు ధైర్యం కూడా ఉండడం ప్రత్యేకించి గమనించదగినది. ధైర్యం పుట్టుకతో వచ్చే స్వభావమని సరిపెట్టుకోకుండా, ఉచ్చారణ లాగే అభ్యాసంతో సంపాదించవలసిన పాఠక గుణాల వరుసలో దానిని చేర్చడంలో లోతైన మానవ పరిజ్ఞానం ఉంది.

ఆ ధైర్యాన్ని హరించేది సిగ్గు. మద్రాసులోని సెయింట్ జార్జి కోట కళాశాలలో తెలుగు నేర్చుకొని, 1820లో కడప చేరి, పండితుల సాయంతో దశాబ్దాలు కృషి చేసి నిఘంటువు వెలువరించిన ఆంగ్లేయ అధికారి సి.పి. బ్రౌన్‌నూ, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవరల భాషను వారి నుంచే నేర్చిన గిడుగు రామమూర్తినీ తెలుగువారు నేటికీ గౌరవంతో తలచుకుంటారు. పరభాషను నేర్చే దశలో ఉండడం ఆ ఇద్దరికీ అవమానం కానప్పుడు, అధికారం లేని పేద విద్యార్థికి మాత్రమే ఎందుకు కావాలి? ఇక్కడ సిగ్గును పుట్టించేది భాష కాదు, భాషల మధ్య సమాజం నిలిపిన ఎక్కువ తక్కువలు. 2021లో అఖిల భారత సాంకేతిక విద్యామండలి తెలుగు సహా పలు భారతీయ భాషల్లో ఇంజినీరింగ్ బోధనకు మార్గం తెరిచినా, ఉద్యోగ విపణిలో ఆ ఎక్కువ తక్కువలు ఇంకా తొలగలేదు.

అన్నిటికంటే క్లిష్టమైన ప్రశ్న సత్యానికి సంబంధించినది. భగవద్గీత పదిహేడవ అధ్యాయం వాఙ్మయ తపస్సును వివరిస్తూ, ఎదుటివారికి ఉద్వేగం కలిగించకపోవడం, సత్యం, ప్రియం, హితం, స్వాధ్యాయం అనే లక్షణాలను చెబుతుంది. ఇంటర్వ్యూ కోసం విద్యార్థి కంఠస్థం చేసే సెల్ఫ్ ఇంట్రడక్షన్ ఈ తపస్సుకు లోబడుతుందా? ఇతరుల మాటను వల్లించడం దానంతట అది అసత్యం కాదు. వేదాధ్యయనం, పారాయణ, శిశువు తొలి పలుకులు అన్నీ వల్లింపులే. అయితే వల్లించేవాడు ఆ మాటను తన అనుభవంగా ఎదుటివాడికి అప్పగించినప్పుడు పరిస్థితి మారుతుంది. ఎన్నడూ ఏ బృందాన్నీ నడపనివాడు నాయకత్వం తన బలమని చెప్పినప్పుడు, వ్యాకరణం ఎంత నిర్దుష్టంగా ఉన్నా ఆ వాక్యం తపస్సుకు వెలుపలే నిలుస్తుంది. దానికి బదులు, తండ్రి సాగు చేసే మెట్ట పొలంలో మోటారు ఎందుకు కాలిపోయిందో తెలుసుకోవాలన్న కోరికతో ఎలక్ట్రికల్ బ్రాంచి తీసుకున్నానని నాలుగు చిన్న వాక్యాల్లో చెప్పగలిగినవాడు, ఒకటి రెండు చోట్ల కాలం తప్పినా సత్యాన్నీ హితాన్నీ నిలుపుకుంటాడు. అడిగినది తెలియనప్పుడు తెలియదని, తెలిసినంత మేరకు ఇదీ అని ఇంగ్లీషులో తొణకకుండా చెప్పే రెండు వాక్యాలను శిక్షణలో మొదటి వారమే నేర్పవచ్చు; ప్రస్తుతం చాలాచోట్ల నేర్పుతున్నది, తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పడానికి పనికివచ్చే వాక్యాలను.