అన్‌అవేర్ వేరు, పమాదం వేరు



మన వాడల గురించి ఆఫీసుల్లో, మీటింగుల్లో ఒక మాట తరచుగా వింటుంటాం: ‘వాళ్లు అన్‌అవేర్ అండీ.’ ఇంగ్లీషులో ఆ మాటకు విషయం తెలియనివాళ్లు అని అర్థం. పింఛను దరఖాస్తుకి ఏ కాగితం పెట్టాలో తెలియనివాడు అన్‌అవేర్. అందులో సిగ్గుపడేదేం లేదు, చెప్తే తెలుసుకుంటాడు. తాగుడు విషయంలోనూ అదే మాట వాడేస్తున్నారే, దాన్ని మాత్రం ఒప్పుకోలేం.

పంచశీల చెప్పుకునేటప్పుడు ఐదో శీలంలో ‘పమాదట్ఠానా’ అనే పదం వస్తుంది. చాలామందిమి గబగబా దాటేస్తాం. పమాదం అంటే ఏమరుపాటు. తెలిసీ పట్టించుకోకపోవడం. దీనికి ఇంగ్లీషులో హీడ్‌లెస్ అనేది దగ్గరి మాట. తెలుగులో ప్రమాదం అంటే ఇప్పుడు మనకి లారీ గుద్దడం, బస్సు బోల్తా పడడం. మాట అదే! ఏమరుపాటు పేరే దానివల్ల జరిగే నష్టానికీ స్థిరపడిపోయింది. మత్తు ఆ ఏమరుపాటుకి తావు గనుకనే బుద్ధుడు దాన్ని వద్దన్నాడు.

మన కావలికి దగ్గర్లోనే కలిగిరి మండలం దూబగుంట ఉంది. 1990ల మొదట్లో అక్కడ అక్షరాలు నేర్చుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు వాచకంలో సీతమ్మ కథ చదివారు. సారా కొంప కూలుస్తుందని ఆ పాఠం చదివాకే తెలిసిందా వాళ్లకి? కూలి డబ్బు ఎటు పోతోందో, దెబ్బలు ఎవరి ఒంటిమీద పడుతున్నాయో ముందే తెలుసు. తెలిసినదాన్ని పదిమంది కూర్చుని పైకి అనుకోవడం కొత్త. వర్ధినేని రోశమ్మ ముందు నడిచింది. జిల్లాలో ఎన్నో ఊళ్ల ఆడవాళ్లు, అందులో మన వాడల వాళ్లు ఎందరో, సారా పాటల్ని అడ్డుకున్నారు. 1993లో రాష్ట్రమంతా సారా ఆగింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు. ఖజానాకి రాబడి కావాలి కదా! ప్రభుత్వం అన్‌అవేర్ అని మాత్రం ఎవరూ అనలేదు.

బాబాసాహెబ్ 1956 అక్టోబరు 14న నాగపూరులో చేయించిన 22 ప్రతిజ్ఞల్లో మద్యం తాగననే ప్రతిజ్ఞ కూడా ఉంది. ఏప్రిల్ 14 ఊరేగింపులో నీలిజెండా పట్టుకున్న కుర్రాడి చేతికి సీసా అందించేదెవరో వీధిలో అందరికీ తెలుసు. ఆ సాయంత్రం మన ఆడబిడ్డలు ఎందుకు వెనక్కి తగ్గి నడుస్తారో కూడా తెలుసు. ఈసారి జయంతి కమిటీ కూర్చున్నప్పుడు చందాల లెక్కకంటే ముందు ఈ సంగతి ఎత్తండి. ఆడవాళ్లని పిలిచి, వాళ్ల ముందే ఎత్తండి.