సిద్ధార్థుడి ప్రశ్న

1977లో డ్యూక్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఎర్డ్‌మన్ పామోర్ వృద్ధాప్యం మీద 25 తప్పొప్పుల ప్రశ్నలు కూర్చాడు. అమెరికా వృద్ధుల్లో కనీసం పదోవంతు మంది సంరక్షణాలయాల్లోనే ఉంటున్నారా అన్నది అందులో ఒకటి. అవునన్న విద్యార్థి పొరబడ్డట్టే. అంతమంది లేరు, ఎక్కువమంది ఇళ్ళలోనే ఉంటారు. పాఠం చెబితే ఈ పొరపాటు పోతుంది. కానీ అన్నిటికీ సరైన జవాబు రాసిన కుర్రాడికి కూడా బస్సులో వణికే వేళ్ళతో చిల్లర లెక్కపెట్టుకునే పెద్దాయన వేరే జాతి మనిషిలా కనిపించవచ్చు. తెలుసుకోవడం వేరు, తనదిగా తెలుసుకోవడం వేరు.

బౌద్ధ గాథలో ముసలివాణ్ణి చూసిన సిద్ధార్థుడు సారథిని అడిగింది తన గురించే: నాకూ ఇది తప్పదా అని. ఫ్రెంచి రచయిత్రి సిమోన్ ద బోవా 1970లో వృద్ధాప్యంపై రాసిన పుస్తకాన్ని ఆ ఘట్టంతోనే మొదలుపెట్టింది. సిద్ధార్థుడి ప్రశ్నలో ఉన్నది పెద్దల మీద గౌరవం కాదు, తన ఒంటి మీద భయం అనవచ్చు. భయమే, కాదనను. అయితే ముసలితనమంటే మతిపోవడమేనన్న అపోహ తొలిగితే ఆ భయంలో సగం పోతుంది. పామోర్ ప్రశ్నల అవసరం అక్కడే. మన పిల్లలు కాళ్ళకు దండం పెడతారుగా, ఇంకేం కావాలంటారు కొందరు. దండం మంచిదే. కానీ అదే మనవడు ఆస్పత్రిలో తాతయ్య ఎదురుగానే, ఆయన్ను ఒక్క మాటా అడక్కుండా, ఆయన నొప్పి గురించి డాక్టరుకు తానే చెప్పేస్తుంటాడు.