అనధ్యాయం

పన్నెండేళ్లుగా విశ్వవిద్యాలయంలో సంస్కృతం చెబుతున్నాను, కాంట్రాక్టు మీద. ఉద్యోగాలు రెగ్యులరైజ్ చేయమంటూ 2025 ఏప్రిల్‌లో తెలంగాణ విశ్వవిద్యాలయాల కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్లం సమ్మెకు దిగినప్పుడు నేనూ టెంటు కింద కూర్చున్నాను. ఒక మధ్యాహ్నం, ఎండ మండిపోతుంటే, ఎం.ఏ. ఆఖరి సెమిస్టర్ అమ్మాయి ఒకతె నోట్‌బుక్ పట్టుకొని వచ్చింది.

"మేడమ్, తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో పదకొండో అనువాకం ఒక్కటే మిగిలింది. ఇక్కడనే కూసొని చెప్తరా? మెస్ బంద్ చేస్తరంట, రేపు ఊరికి పోతున్న."

పక్కనున్న వాళ్లు నా వైపు చూశారు. "సమ్మె అయినంక చెప్త బిడ్డా" అన్నాను. ఆమె మళ్లీ అడగలేదు.

అనధ్యాయం అనే మాట ఆ రాత్రి నుంచి నన్ను వదల్లేదు. పాఠం ఆపాల్సిన వేళలకు శాస్త్రం పెట్టిన పేరు అది. మనుస్మృతి నాలుగో అధ్యాయంలో ఆ జాబితా ఉంది: అమావాస్య, అష్టమి, దుమ్ముగాలి లేచినప్పుడు, నక్కలు ఊళ పెట్టినప్పుడు, ఊళ్లో శవం ఉన్నప్పుడు. తైత్తిరీయ ఆరణ్యకం రెండో ప్రపాఠకం స్వాధ్యాయానికి మాత్రం రెండే అడ్డంకులంటుంది: చదివే మనిషి అశుచిగా ఉండటం, చదివే చోటు అశుచిగా ఉండటం.

ఈ రెండోదాన్నే నేను గట్టిగా పట్టుకున్నాను. కాంట్రాక్టు నియామకాలు మొత్తం అధ్యాపక పోస్టుల్లో 10 శాతం మించకూడదని యూజీసీ 2018 నిబంధనల్లో ఉంది. మా విభాగంలో రెగ్యులర్ అధ్యాపకులు ఒక్కరూ లేరు. ఏటా రెన్యువల్ కాగితం కోసం గుమ్మం దగ్గర నిలబడే మనిషి లోపలికి వెళ్లి ఉపనిషత్తు చెప్పాలంటే, ఆ చోటు శుచిగా ఉన్నట్టు కాదు. సమ్మె ధర్మమే. ఈ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను.

అయితే పాత అనధ్యాయంలో ఉరుము ఇద్దరి నెత్తిమీదా ఉరిమేది. గురువూ ఊరుకునేవాడు, శిష్యుడూ ఊరుకునేవాడు, ఆగినందుకు ఎవరికీ ఏదీ దక్కేది కాదు. ఒక వేదానికి పన్నెండేళ్లు పెట్టుకున్న చదువులో నాలుగు రోజులు పోతే పోయేదేముంది? సెమిస్టర్‌కు ఉన్నవి కొన్ని వారాలే. అందులో పోయింది అక్కడ పోయినట్టే. మా సమ్మె ఫలిస్తే ఫలితం మాది. పోయిన రోజులు ఆమెవి.

జీతానికి చదువు చెప్పేవాణ్ణి శ్రాద్ధభోజనానికి పిలవొద్దని అదే మనువు మూడో అధ్యాయంలో అన్నాడు. అది నేను ఒప్పుకోను. కాళిదాసు రఘువంశం ఐదో సర్గలో ఇంతకంటే పెద్దమనసు కనిపిస్తుంది. దక్షిణ అక్కర్లేదన్నా వినని కౌత్సుణ్ణి గురువు వరతంతువు చివరికి విసిగి, పద్నాలుగు విద్యలకు పద్నాలుగు కోట్లు తెమ్మన్నాడు. కౌత్సుడు ఆ భారంతో రాజు దగ్గరికి వెళ్లాడు. విశ్వజిత్ యాగంలో అంతా దానం చేసి మట్టిపాత్ర పట్టుకున్న రఘువు, నాకు లేదని చేతులు దులుపుకోలేదు, కుబేరుడి మీదికే దండెత్తబోయాడు. గురువుకు ముట్టాల్సింది రాజు తీర్చాలి. మా విషయంలో బాకీపడ్డది ప్రభుత్వం, వసూలైంది ఇరవై రెండేళ్ల పిల్ల దగ్గర.

ఆ టెంటు కిందే చెప్పి ఉండాల్సింది. అరగంట పాఠం. మేం నిరాకరించింది యజమానికి చేసే కొలువును. ఆమె అడిగింది నన్ను. ఆ రెండూ ఒకటేనని ఆ పూట ఎందుకనుకున్నానో! తోటివాళ్లు ఏమనుకుంటారోనన్న జంకే తప్ప వేరే కారణం వెతికినా దొరకడం లేదు.

పదకొండో అనువాకం, చదువు ముగించి ఇంటికి వెళ్లే శిష్యుడికి ఆచార్యుడు చెప్పే చివరి మాటలు. మాలో మంచి నడవడి ఏది కనిపిస్తే దాన్నే పట్టుకో, మిగతావి వద్దు అని ఆయన తన నోటితోనే చెబుతాడు. ఆ అమ్మాయి అది వినకుండానే బస్సెక్కింది.

పరీక్షల రోజు హాలు బయట కనిపిస్తే పిలిచాను. ఇంకా గంట టైముంది, కూర్చో, చెప్తానన్నాను.

"యూట్యూబ్‌ల చూసి రాసుకున్న మేడమ్" అంది. నమస్తే పెట్టి, హాల్‌టికెట్ చేతిలో పట్టుకొని లోపలికి వెళ్లిపోయింది.